నాలుగో సీసా

ఆగస్టు 1, శుక్రవారం

ఎనిమిదింటికి ఇల్లు చేరాను. అత్తయ్య గడప దగ్గరే ఆపేసింది. పెరట్లో స్నానం చేసి, చీర అక్కడే తడిపేసి లోపలికి రమ్మంది. విషం ముట్టుకున్న మనిషి దేవుడి గది ముందు నడవకూడదట. చేతికి గ్లవుజులున్నాయని చెప్పినా వినదు. ల్యాబ్‌లో చేరిన పదిహేనేళ్ల నుంచీ ఫీల్డుకు వెళ్లొచ్చిన రోజు ఇదే తంతు.

అన్నం వడ్డిస్తూ, "ఇంతకీ ఆ చెరువులో ఏముండాది ప్రియా?" అని అడిగింది. చెప్పాను. బంగారు గని రాయిని పిండి చేసి సైనైడు కలిపిన నీళ్లలో నానబెడితే బంగారం ఆ నీళ్లలోకి దిగుతుంది. బంగారం తీసుకున్నాక మిగిలిన బురదను చెరువు కట్టి అందులోకి వదులుతారు. వదిలే ముందు సైనైడును మందు వేసి విరగ్గొట్టాలి. సరిగ్గా విరగ్గొడుతున్నారా లేదా అన్నదే ఇప్పుడు సమీక్ష. చెరువు గట్టు ఇంకో రెండు మీటర్లు పెంచుకుంటామని గనివాళ్లు అడుగుతున్నారు. జూలై వానలకు గట్టు పాదం దగ్గర తడి ఊరింది. ఇరవయ్యో తేదీన చిత్తూరులో కమిటీ కూర్చుని మా ల్యాబ్ రిపోర్టు చూస్తుంది. అత్తయ్య అంతా విని, తన గొలుసు ఒకసారి తడుముకుని, "దీని వెనక ఇంత ఉండాదా" అంటూ మజ్జిగ పోసింది.

మొత్తం నాలుగు సీసాలు. ఒకటోది ప్లాంటు నుంచి చెరువులోకి పడే గొట్టం దగ్గర. రెండోది చెరువులో. మూడోది గట్టు పాదం దగ్గరి తడిలో. నాలుగోది పంకజాక్షి బావిలో. గట్టు దిగి వందడుగులు నడిస్తే ఆమె చేను, చేను మొదట్లోనే బావి, పక్కనే ఇల్లు. తడి కనబడిన దగ్గర్నుంచి గనివాళ్లు ఆమె ఊరు నల్లరాళ్లపల్లెకు ట్యాంకరుతో నీళ్లు పంపుతున్నారు. "ఆ నీళ్లు ప్లాస్టిక్కు వాసన కొడతాయి మేడమ్. మా బిడ్డకు కడుపులో నిలవడంల్యా" అంది పంకజాక్షి. బిడ్డంటే కూతురు లోహిత. తొలి కాన్పుకు వచ్చి ఉంది, ఏడో నెల.

శ్రావణ శుక్రవారం కదా, పంకజాక్షి నన్ను కదలనివ్వలేదు. "ఇంటికాడికి వచ్చిన ముత్తైదువ ఉత్త చేతుల్తో పోతాదా? ఉండండి మేడమ్" అని లోపలికి పరిగెత్తి పళ్లెం తెచ్చింది. గ్లవుజులతో కుంకుమ తీసుకోలేం. గ్లవుజులు తీసి, చేతులు కడుక్కుని, కాస్టిక్ డబ్బా ఆమె పళ్లెం పక్కన ఉండకూడదని సంచిలో పెట్టేసి, బొట్టు పెట్టించుకున్నాను. తమలపాకులు, రెండు అరటిపళ్లు, నానబెట్టిన శనగలు, ఆకుపచ్చ జాకెట్టు గుడ్డ. అంతలో మబ్బు పట్టిందని డ్రైవరు ఢిల్లీబాబు హారను మీద చెయ్యి తీయకుండా మోగించాడు.

నాలుగు సీసాల్లోనూ సైనైడు చెడకుండా రెండేసి కాస్టిక్ పెల్లెట్లు వేసి, ఐసు పెట్టెలో సర్దాను.

ఆగస్టు 2, శనివారం

సీసాలు ల్యాబ్ ఫ్రిజ్‌లో పెట్టాను. శాంపిలు షీటు చూసి రిజిస్టరులో ఎక్కించాను. నాలుగు టిక్కులు. శనగలు అత్తయ్య తాలింపు వేసింది, బాగున్నాయి.

ఆగస్టు 4, సోమవారం

పొద్దుట్నుంచి సైనైడు పరీక్షలే. లీటరుకు మిల్లీగ్రాముల్లో: గొట్టం దగ్గర 0.17. చెరువులో 0.16. గట్టు పాదం తడిలో 0.14. బావిలో 0.02.

బయటికి వదిలే నీళ్లకు పరిమితి 0.2. తాగే నీళ్లకు 0.05. అన్నీ లోపలే ఉన్నాయి. మా పైఅధికారి ప్రేమానందంగారు కాగితం చూసి, "మంచిది లేమ్మా, ఇరవైకి మనకు తలనొప్పి ల్యా" అన్నారు. ఆయనది వచ్చే మార్చిలో రిటైర్మెంటు. ఇప్పట్నుంచే తలనొప్పులు లెక్కపెట్టుకుంటున్నారు.

ఆగస్టు 5, మంగళవారం

తడిలో 0.14. అక్కడికి వందడుగుల్లో బావి, 0.02. మధ్యలో నేల వడగట్టి ఉంటుంది. ఆ పక్క బండ ఎక్కువ.

ఆగస్టు 6, బుధవారం

ఫీల్డు సంచి ఖాళీ చేశాను. కాస్టిక్ డబ్బాలో రెండు పెల్లెట్లు మిగిలి ఉన్నాయి. తడి పీల్చుకుని ఒకదానికొకటి అతుక్కుపోయాయి.

బయలుదేరే ముందు లెక్క చూసి వేసుకుంటాను, సీసాకు రెండు. ఎనిమిది. ఒక్కోసారి కింద పడితే పనికొస్తాయని పది వేసుకుంటాను. ఈసారి పది వేసుకుని ఉంటాను. నాలుగు గంటల ప్రయాణం చేసి వెళ్లేచోటికి ఎవరైనా పదే వేసుకుంటారు.

ఆగస్టు 7, గురువారం

నిన్న పది అని రాశాను. ఈరోజు ఎనిమిది అనిపిస్తోంది. నిద్ర సరిగ్గా లేకపోతే ఇలాగే ఉంటుంది.

మనసులో తిరుగుతున్నదాన్ని ఒకసారి రాసేస్తే వదులుతుందేమో. కాస్టిక్ పడని సీసాలో సైనైడు నిలవదు. చల్లగా పెట్టినా కొంచెం కొంచెంగా గాలిలో కలిసిపోతుంది, విరిగిపోతుంది. బావిలో ఉన్నంత సీసాలో ఉండదు. ల్యాబ్‌లో మేము కొలిచేది సీసాలో మిగిలినదాన్నే. శుక్రవారం మధ్యాహ్నం నింపిన సీసాను సోమవారం పరీక్షించాను.

కానీ షీటులో టిక్కు ఉంది కదా. నాలుగో సీసా ఎదురుగా, 'కాస్టిక్ కలిపినది' అన్న గడిలో, నా పెన్నుతో నా టిక్కు. దానికంటే సాక్ష్యం ఏం కావాలి.

ఆ టిక్కులు నేను వెళ్లేదారిలో పలమనేరులో టీ తాగుతూ పెట్టాను. చెరువు గట్టు మీద గాలికి కాగితం నిలవదు. చేతికి గ్లవుజులు, ఒక చేతిలో సీసా. అందుకే షీటు జీపులోనే నింపేసుకుని, గట్టు మీద టైము మాత్రం రాసుకుంటాం. నేను చేరిన కొత్తలో ప్రేమానందంగారే నేర్పించారు. అందరూ అదే చేస్తారు. అలాగని వెయ్యడం మానేస్తామా?

రిజిస్టరులో 'స్ట్రిప్పుతో సరిచూచినది' అన్న గడి ఉంటుంది. సీసా చేరగానే రంగు మారే స్ట్రిప్పు ముంచి కాస్టిక్ పడిందో లేదో చూసి టిక్కు పెట్టాలి. అదీ శనివారం పెట్టాను, షీటులో టిక్కు చూసి.

ఆగస్టు 8, శుక్రవారం

వరలక్ష్మీ వ్రతం. అత్తయ్య సెలవు పెట్టమంటే కుదరదన్నాను. పదకొండింటికి రిపోర్టు మీద సంతకం పెట్టాను. సాయంత్రం అయిదుగురు ముత్తైదువలకు తాంబూలం ఇచ్చాను, జాకెట్టు గుడ్డల్లో ఒకటి తక్కువ పడితే పంకజాక్షి ఇచ్చిన ఆకుపచ్చ గుడ్డ పక్కింటావిడకు పెట్టేశాను. అది నా కళ్లముందు లేకపోవడం హాయిగా ఉంది.

ఆగస్టు 9, శనివారం

మా ఆయన వాసుదేవ్‌కు చెప్పాను. తిరుమల కొండమీద డ్యూటీ దిగి ఘాట్ బస్సులో వచ్చి, ఇంకా చొక్కా విప్పలేదు, అప్పుడే మొదలుపెట్టాను. ఆయన విని నవ్వారు.

"గ్యాసు ఆపినానో లేదో అని రేణిగుంట స్టేషన్ దాకా పోయి ఆటోలో వెనక్కి వచ్చినావు. ఆపే ఉండాది. రైలు పాయ. ఇదీ అంతే" అన్నారు.

నిజమే, గ్యాసు ఆపే ఉంది. బీరువా తాళం, మోటారు స్విచ్చు, అన్నీ నేను అనుమానపడ్డవే, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. నా అనుమానం ఎప్పుడూ నిజం కాలేదు. నాకు కావలసింది ఒక వారం సెలవు.

ఆగస్టు 10, ఆదివారం

వేశాను.

ఆగస్టు 11, సోమవారం

పంకజాక్షి ఫోన్ చేసింది. నంబరు ఆరోజు నేనే ఇచ్చాను, ఎందుకిచ్చానో. "బావి నీళ్లు తాగచ్చా మేడమ్? ట్యాంకరువి తాగితే బిడ్డ వాంతి చేసుకుంటాది" అంది. రిపోర్టు ఇంకా పైవాళ్ల దగ్గర ఉంది, నేనేమీ చెప్పకూడదని చెప్పి పెట్టేశాను. రెండు నిమిషాల మాట.

తిరుచానూరు వెళ్లాలని ఉంది. అమ్మవారి దర్శనం చేసుకుని ఆరు నెలలైంది.

ఆగస్టు 12, మంగళవారం

నాలుగో సీసాలో సగం నీళ్లు ఇంకా ఫ్రిజ్‌లో ఉన్నాయి. సమీక్ష అయ్యేదాకా పారబోయకూడదు. ఫ్రిజ్ తలుపు తీయాలి, సీసా మూత తీయాలి, ఒక స్ట్రిప్పు ముంచాలి. ముదురు నీలం వస్తే కాస్టిక్ పడినట్టు. మొత్తం నిమిషం పని.

పొద్దున కుదరలేదు, పెద్దాసుపత్రి శాంపిళ్లు వచ్చాయి. మధ్యాహ్నం కరెంటు పోయింది. సాయంత్రం ఫ్రిజ్ తెరిచాను. పాలప్యాకెట్టు కోసం ఆయా వెతుకుతోంది, ఇది శాంపిళ్ల ఫ్రిజ్ అని కేకలేశాను. ఆమె ముఖం చిన్నబుచ్చుకుని వెళ్లిపోయింది. నేనూ తలుపు మూసేశాను.

ఆగస్టు 13, బుధవారం

ఢిల్లీబాబును అడిగాను. మామూలుగా అడిగినట్టే అడిగాను, ఆరోజు బావి దగ్గర నేను సీసాలో తెల్ల బిళ్లలు వేయడం చూశావా అని.

"మీరు బొట్టు పెట్టించుకునేది చూసినా మేడమ్. సీసా మూత బిగించేది చూసినా. బిళ్లలు సూడలా" అన్నాడు. తర్వాత నా ముఖం చూసి, "నేను వానను సూస్తా ఉన్నా కదా మేడమ్. మీరు వేసే ఉంటారు" అని కలిపాడు.

వాడు వాననే చూస్తున్నాడు. అది వాస్తవం. వాడు చూడలేదు కాబట్టి వేయలేదని కాదు.

ఆగస్టు 14, గురువారం

స్ట్రిప్పుల డబ్బా మీద గడువు సెప్టెంబరు అని ఉంది. గడువు దగ్గరపడిన స్ట్రిప్పుతో చూడటం పద్ధతి కాదు. కొత్త డబ్బాకు ఇండెంటు పెట్టాను.

ఆగస్టు 15, శుక్రవారం

సెలవు. జెండా వందనానికి వెళ్లాను, లడ్డు ఇచ్చారు. మళ్లీ శుక్రవారం. రెండు వారాలు.

ఆగస్టు 16, శనివారం

శ్రావణ శనివారం. అత్తయ్య తెల్లారే మడి కట్టుకుని పులిహోర చేసింది. నివేదన అయ్యేదాకా ఎవరూ రుచి చూడటానికి లేదు కాబట్టి ఉప్పు సరిపోయిందో లేదో ఆవిడకు కూడా తెలియదు. అందుకు ఆవిడకొక పద్ధతి ఉంది. ఉప్పు వేయగానే జాడీ మూత బోర్లించి పెడుతుంది. పెళ్లయి వచ్చిన కొత్తలో ఆ మూత నేను సరిగ్గా పెట్టి తిట్లు తిన్నాను.

ఈరోజు గిన్నె దేవుడి ముందు పెట్టబోతూ ఆగింది. మూత మామూలుగానే ఉంది.

"ప్రియా, మూత నువ్వు తిప్పినావా?"

"లేదత్తయ్యా, నేను ఇటు రానేలేదు."

"వేసినట్టే ఉండాది నాకు." చేతివేళ్లు రుద్దుకుని చూసింది. "చేతికి ఉప్పు తగిలినట్టే ఉండాది. అది నిన్నటిదో ఈ పొద్దుటిదో."

నేనన్నాను, వేసే ఉంటారు, పెట్టేయండి, లేదా కొంచెం పైన చల్లండి. ఆవిడ నన్ను వింతగా చూసింది. "అనుమానం వచ్చినాక ఆయన ముందర యాడ పెట్టేది? చల్లితే మాత్రం, ముందే వేసుంటే?" అని గిన్నె పక్కన పెట్టేసింది. మళ్లీ బియ్యం కడిగింది. మళ్లీ చింతపండు నానబెట్టింది. మోకాళ్ల నొప్పులతో గంటన్నర మళ్లీ నిలబడింది. నాకు చిరాకేసింది, కిలో బియ్యం, అంత నూనె, అందరికీ ఆకలి. వాసుదేవ్ అలిపిరి వైపు నడకకు వెళ్లిపోయారు.

రెండోది నివేదించాక మొదటిది రుచి చూశాను. ఉప్పు ఉంది, సరిగ్గా ఉంది. చెబితే బాధపడుతుందేమో అనుకుంటూ చెప్పాను.

"ఉండనీ. అది నాకు ఇప్పుడు కదా తెలిసింది" అంది, అంతే. మొదటి పులిహోర కూడా పొట్లాలు కట్టి వీధిలో పంచింది.

ఆగస్టు 17, ఆదివారం

ల్యాబ్ తాళం ఆదివారం నా దగ్గర ఉండదు.

ఆగస్టు 18, సోమవారం

ఎనిమిదిన్నరకే వెళ్లాను. ఊడ్చే మనిషి తప్ప ఎవరూ లేరు. గడువు దగ్గరపడిన స్ట్రిప్పుతోనే చూశాను. ముందు మూడో సీసా: ముదురు నీలం. రెండోది నీలం. ఒకటోది నీలం. కుర్చీలో కూర్చుని నాలుగోది చూశాను.

ఆకుపచ్చ.

ఇంకో స్ట్రిప్పు తీశాను. ఆకుపచ్చే. ఉత్త బావి నీళ్లకు వచ్చే రంగు.

వేయలేదు. గ్లవుజులు తీసేముందు వేయలేదు. కుంకుమ కోసం డబ్బా సంచిలో పెట్టాను, హారను విని సీసా మూత బిగించాను, డబ్బా మళ్లీ తీయలేదు. ఇప్పుడు ఎంత స్పష్టంగా గుర్తొస్తోందంటే, ఇన్నాళ్లూ నాకు తెలియదని ఎలా అనుకున్నానో అర్థం కావడం లేదు.

ప్రేమానందంగారు పదికి వచ్చారు. రెండు స్ట్రిప్పులూ ఆయన బల్ల మీద తెల్లకాగితంపై పెట్టాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని చూశారు, తీసి తుడిచి మళ్లీ చూశారు.

"ఈ మాట ఇంకెవురికైనా సెప్పినావా?"

లేదన్నాను.

"నంబరు నంబరేనమ్మా. సంతకం అయిపాయ. ఎల్లుండి మీటింగు పెట్టుకుని ఇప్పుడు సీసా తెరిచి చూసేదెందుకు నువ్వు?" కోపంగా అనలేదు. బతిమాలినట్టు అన్నారు. నేను టిక్కుల సంగతి చెప్పాను, పలమనేరు, టీ. ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"అది నేను నేర్పిన పనే కదా" అన్నారు చివరికి. "ఇరవై ఏండ్లు అట్లే పెట్టినాను. ఎన్ని సీసాల్లో వేసినానో, ఎన్నిట్లో ల్యాదో." ఇంకో తెల్లకాగితం నా వైపు జరిపారు. "రాయి. నాలుగో శాంపిలు సెల్లదు, మళ్లీ తియ్యాల అని రాయి. నేను పైకి పంపిస్తా."

రాశాను. ఇద్దరం సంతకాలు పెట్టాం. ఇక్కడితో ఆపేద్దామనుకున్నాను. కానీ ఒకటి మిగిలింది.

పదకొండో తేదీ ఈ పుస్తకంలో రాసింది అబద్ధం. ఫోన్‌లో చూసుకుంటే ఆ కాల్ ఆరు నిమిషాలు. రిపోర్టు పైవాళ్ల దగ్గర ఉందని చెప్పాను, అది నిజమే. అయినా పంకజాక్షి పెట్టేయలేదు. లోహిత రెండు రోజులుగా ఏమీ నిలుపుకోవడం లేదంది. "మీరు సదువుకున్నోళ్లు, మీరు ఊ అంటే సాలు" అంది. అప్పుడు నేను, "మీ బావిలో లెక్కకు రానంత తక్కువ ఉంది. తాగొచ్చు" అన్నాను.

జాలితో అన్నానని అనుకున్నాను. ఇంకొకటి కూడా ఉంది. తాగొచ్చని నోటితో ఇంకొకరికి చెప్పేస్తే, నేను కాస్టిక్ వేసినట్టు ఖాయమైపోతుందనిపించింది. నాకోసం రాసుకునే పుస్తకంలో కూడా దాచాను. ఎవరు చదువుతారని దాచానో.

పన్నెండు గంటలకు ఆమెకు ఫోన్ చేశాను.

"బావి నీళ్లు తాగొద్దు పంకజాక్షమ్మా. పరీక్షలో తప్పు జరిగింది. తప్పు నాదే."

అవతల ఏదో గిన్నె కింద పెట్టిన చప్పుడు. "మీరు సెప్పినారని ట్యాంకరు వద్దని పంపించేసినాం కదా మేడమ్" అంది.

"ఎప్పట్నుంచి?"

"ఆ పొద్దే."

ఏడు రోజులు. నంబరు ఎంతో తెలియదని, మళ్లీ శాంపిలు తీస్తామని, ట్యాంకరు ఈరోజే రప్పిస్తామని, లోహితను డాక్టరుకు చూపించి ఈ సంగతి చెప్పమని అన్నాను. ఆమె అన్నిటికీ "సరే మేడమ్" అంది. తిట్టి ఉంటే బాగుండేది.

ఆగస్టు 19, మంగళవారం

ట్యాంకరు నిన్న సాయంత్రమే వెళ్లిందట, ప్రేమానందంగారు నాలుగుసార్లు ఫోన్ చేసి పంపించారు. నాకు ఆఫీసు నుంచి సంజాయిషీ అడుగుతూ మెమో వచ్చింది. అత్తయ్యకు చెప్పాను, మొత్తం, ఫోన్ సంగతితో సహా. ఆవిడ పూలు కడుతోంది. దారం చేతిలో ఆగిపోయింది.

"ఆ బిడ్డకేమైనా అయితే?" అంది.

నేను అడగకుండా ఉన్న ప్రశ్న ఆవిడ అడిగేసింది. తడిలో ఉన్నంతే బావిలో ఉన్నా, ఆ మోతాదుతో ఏడు రోజుల్లో ఎవరికీ ఏమీ కాకపోవచ్చని చెప్పాను. అది పుస్తకాల్లో ఉన్న మాట. ఏడో నెల గర్భిణికి ఎవరూ పరీక్ష పెట్టి చూసి ఉండరు.

ఆగస్టు 20, బుధవారం

చిత్తూరు. పొడుగు బల్ల, కమిటీవాళ్లు ముగ్గురు, ఈపక్క మేము, ఆపక్క గనివాళ్లు. జీడిపప్పు, బిస్కెట్లు. నా వంతు వచ్చినప్పుడు లేచి చదివాను. నాలుగో శాంపిలులో కాస్టిక్ కలపలేదు, 0.02 అన్న ఫలితం చెల్లదు, టిక్కులు శాంపిలు తీయకముందే పెట్టినవి, బాధ్యత నాది. 

నేను భయపడిందే జరిగింది. గని తరఫు ఆఫీసరు మునికుమార్ చాలా మర్యాదగా లేచాడు. "మేడమ్ నిజాయితీకి దండం. కానీ ఒక టిక్కు అబద్ధమైతే మిగతా మూడు నిజమని ఎట్లా నమ్మేది సార్? గట్టు కాడ తడిలో 0.14 అన్నారు, అదీ కొట్టేయాల కదా." మూడింటికీ స్ట్రిప్పు నీలం వచ్చిందని చెప్పాను. ఎవరి ముందు చూశారు అని అడిగాడు. ఎవరూ లేరు. ఊడ్చే మనిషి ఉంది. అక్కడక్కడా నవ్వారు.

గట్టు నుంచి సైనైడు ఊరుతోందనడానికి ఉన్న ఒక్క సాక్ష్యాన్ని నేనే పాడుచేశానేమో అనిపించింది. కమిటీ పెద్దాయన అంతా విని, నాలుగూ మళ్లీ తీయండి, అందరి ఎదుటా, అన్నారు. అప్పటిదాకా గట్టు పెంచడానికి అనుమతి లేదు. శాంపిలు తీసేది, పరీక్షించేది వేరే ల్యాబ్ మనిషి. నేను వెంట ఉండి షీటు రాయాలి.

వచ్చేటప్పుడు జీపులో కాణిపాకం అడ్డరోడ్డు దాటాం. ప్రేమానందంగారు, "నా కాలంలో ఎవురూ లేచి నిలబడలా" అన్నారు. మెచ్చుకున్నారో, బాధపడ్డారో తెలియలేదు.

ఆగస్టు 22, శుక్రవారం

వేరే ల్యాబ్ మనిషి పేరు కోమలి. పాతికేళ్లుంటాయి, కొత్తగా పెళ్లయింది, మాటకు ముందు నవ్వు. పలమనేరులో ఢిల్లీబాబు టీ తేవడానికి దిగాడు. కోమలి ఒళ్లో షీటు పెట్టుకుని పెన్ను మూత తీసింది. "ఇప్పుడే పెట్టేసుకుందాం మేడమ్, ఆడ గాలి" అంది. నేను పెన్ను తీసుకున్నాను. అప్పుడు గుర్తొచ్చి ఆమె ముఖం ఎర్రబడింది పాపం. ఆమె ల్యాబ్‌లోనూ ఎవరో పెద్దాయన నేర్పించి ఉంటారు.

గొట్టం దగ్గర, చెరువులో, తడిలో. ఆమె రెండు పెల్లెట్లు వేస్తుంది, సీసా ఊపుతుంది, స్ట్రిప్పు ముంచి అందరికీ చూపిస్తుంది, నేను టిక్కు పెడతాను. కాగితం నిజంగానే ఎగిరిపోతోంది. మునికుమార్ తన ఫైలు ఇచ్చాడు కింద పెట్టుకోవడానికి.

చివరికి బావి. పంకజాక్షి వాకిట్లోకి వచ్చి నిలబడింది. లోహిత లోపల మంచం మీద ఉంది, గుమ్మంలోంచి పాదాలు మాత్రం కనిపించాయి. డాక్టరు చూశారట, ఇప్పటికి బాగానే ఉంది, నెలాఖరులో మళ్లీ రమ్మన్నారట. ఇదంతా పంకజాక్షి ఢిల్లీబాబుకు చెబుతుంటే విన్నాను.

కోమలి నీళ్లు నింపింది. పెల్లెట్లు రెండు. స్ట్రిప్పు ముదురు నీలం. నాలుగో టిక్కు పెట్టాను.

ఆఖరి శ్రావణ శుక్రవారం. పంకజాక్షి లోపలికి వెళ్లి పళ్లెం తెచ్చింది. కోమలి గ్లవుజులు తీసి చేతులు కడుక్కుంది. పంకజాక్షి ఆమెకు బొట్టు పెట్టింది, తాంబూలం ఇచ్చింది, కొత్త పెళ్లికూతురివి చల్లగుండాలంది. నేను అక్కడే నిలబడి ఉన్నాను, గ్లవుజులు కూడా వేసుకోలేదు. పళ్లెం లోపల పెట్టి వచ్చింది. నా చేతికి ఒక గ్లాసు అందించింది.

"ట్యాంకరు నీళ్లే మేడమ్. తాగచ్చు" అంది.

తాగాను. ప్లాస్టిక్కు వాసన నిజమే.

ఆగస్టు 26, మంగళవారం

గొట్టం దగ్గర 0.24. చెరువులో 0.22. తడిలో 0.18. బావిలో 0.09. ఈ మూడు వారాల్లో ప్లాంటులో విరగ్గొట్టడం ఇంకా తగ్గినట్టుంది.

గట్టు పెంచడానికి లేదు. విరగ్గొట్టే ప్లాంటు సరిచేసి చూపించేదాకా చెరువులోకి కొత్త బురద వదలడానికి లేదు. ప్రేమానందంగారు కాగితం రెండుసార్లు చదివి, ఈసారి తలనొప్పి మాట ఎత్తలేదు. నా మెమో సంగతి ఇంకా తేలలేదు.

రిపోర్టు మీద సంతకం కోమలిది. పంకజాక్షికి మాత్రం ఫోన్ నేనే చేశాను. ప్రేమానందంగారు వద్దనలేదు. నంబరు చెప్పాను, తాగే నీళ్లకు ఉండకూడనంత ఉంది, దాదాపు రెండింతలు అని చెప్పాను. బావి నీళ్లు వంటకు కూడా వాడొద్దన్నాను.

ఆమె విని అడిగింది. "మరి ఆ ఏడు దినాలు తాగినాది?"

పుస్తకాల్లో ఉన్నది నోటిదాకా వచ్చింది. ఏమీ కాకపోవచ్చు అన్న మాట. ఆమె దాన్ని మళ్లీ పట్టుకుని కూర్చుంటుంది, పోయినసారి లాగే.

"నాకు తెలియదు పంకజాక్షమ్మా" అన్నాను.

మొత్తం కాల్ నలభై సెకన్లు. ఫోన్‌లో చూసే రాస్తున్నాను.